రెండువందల పద్నాలుగో నంబరు

"ఆ వీడియో తీసేశావా, లేదా?"

ఫిన్నీ ఆ మాట అడగడం పొద్దుటినుంచి అది నాలుగోసారి. దేవకుమారి నాలుగోసారీ అదే జవాబు చెప్పింది.

"తీసేశాను అన్నయ్యా. నిన్న నోటీసు రాగానే తీసేశాను."

"తీసేస్తే మరి ఇదేంటి?"

అతను నోటీసు వెనకాల పిన్ను కొట్టి ఉన్న కాగితాన్ని చెల్లెలి ముందు పెట్టాడు. నలుపు తెలుపుల్లో ప్రింటు తీసిన బొమ్మ. మందిరంలో మైకు ముందు వదిన ఆశాజ్యోతి. ఆమె పక్కనే బాప్తిస్మాల రిజిస్టరు తెరిచి పైకెత్తి పట్టుకున్న నాన్న. కింద, దేవకుమారి తన వేళ్ళతో టైపు చేసుకున్న శీర్షిక: ప్రభువు నిలబెట్టిన మన సర్పంచ్.

దాని కింద ఒక అంకె. నాలుగువేల మూడువందల మంది చూశారని. పేట మందిరానికి ఛానెల్ పెట్టిన మూడేళ్ళలో నాన్న చెప్పిన ఏ వాక్యాన్నీ అంతమంది చూడలేదు. ఆ అంకె చూసి ఆరోజు ఆమె మురిసిపోయింది. చదువురాని అమ్మకి కూడా ఫోను చూపించి వేలు పెట్టి చదివి చెప్పింది. చూసినవాళ్ళలో రొయ్యల చెరువుల చిట్టిరాజు గారి మనుషులు ఎంతమందో అని ఆమెకి అప్పుడు తోచలేదు.

"అమ్మాయిని అని లాభం లేదు బాబూ," అన్నాడు శ్యాంబాబు. ఆయన రిటైరైన మాస్టారు, సంఘానికి సెక్రటరీ. "మనం తీసేస్తే పోయేది మన దగ్గరే. వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మరీ ఇచ్చారు కంప్లైంటుతో."

కంప్లైంటులో ఉన్నది చిన్న సంగతే. ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకి రిజర్వయింది. గెలిచిన శ్రీసత్య క్రైస్తవురాలు. కాబట్టి ఆమె సర్టిఫికెట్టు చెల్లదు, పదవీ చెల్లదు. సోమవారం పదకొండు గంటలకి భీమవరంలో విచారణ. ఆమె మామగారు పాస్టరు చిట్టియ్య బాప్తిస్మాల రిజిస్టరు తీసుకుని హాజరు కావాలి.

శ్రీసత్య అంటే ఆశాజ్యోతే. పేటలో అందరికీ రెండు పేర్లు. బడిలో, రేషను కార్డులో, ఓటరు లిస్టులో ఒకటి. మందిరంలో ఒకటి. క్రైస్తవులని కాగితం మీద పడితే ఎస్సీలు కాకుండా పోతారు కాబట్టి తాతలనాటినుంచీ ఇదే వాడుక. దీన్ని ఎవరూ అబద్ధమనుకోలేదు. నిజమనీ అనుకోలేదు. వానకి గొడుగు వేసుకున్నట్టు వేసుకున్నారు, అంతే.

ఆ రెండు పేర్లూ పక్కపక్కన కనబడేది లోకంలో ఒక్క చోటే. చిట్టియ్య రాయించే రిజిస్టర్లో. 'శ్రీసత్య అను ఆశాజ్యోతి.' నంబరు రెండువందల పద్నాలుగు. ఎదురుగా బొటనవేలి ముద్ర. చదువొచ్చినా రాకపోయినా ముద్రే వెయ్యాలని చిట్టియ్య పెట్టిన నియమం. ప్రభువు దగ్గర చదివినవాడనీ చదవనివాడనీ తేడా లేదని.

"నేను చెప్పేది వినండి అయ్యగారూ," శ్యాంబాబు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మా మేనల్లుడి లాయరుతో మాట్లాడాను. నోటిమాటకేముంది, సభలో ఏదో మర్యాదకి అన్నానని మీ కోడలు చెప్పుకోవచ్చంట. రాత దొరికితేనే కష్టం. వీడియోలో మీరు రిజిస్టరు ఎత్తి నంబరు చెప్పారు. మన కుమారి ఫోను దగ్గరికి తెచ్చి చూపించింది. నంబరు కనబడుతోంది, పేరు మసగ్గా ఉంది. పుస్తకం లేదనడానికి వీల్లేదు. ఇంకో పుస్తకం ఉండడానికి వీలుంది."

"ఇంకో పుస్తకమా?"

"పాతది చెదపట్టింది. కుమారి చేత కొత్తదాంట్లోకి ఎక్కించాం అందాం. మీకు షుగరొచ్చి చూపు తగ్గినకాణ్ణించీ రాసేది ఎలాగూ ఆ పిల్లే కదండీ."

చిట్టియ్య కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "అంటే కోడలి పేరు కొట్టెయ్యమంటారు."

"కొట్టెయ్యడం కాదండి. ఎక్కించేటప్పుడు రాయకపోవడం."

"రెండూ ఒకటే కదయ్యా."

"ఒకటి కాదండి. కొట్టేస్తే గీత కనబడుద్ది."

 గుమ్మం పక్కన అమ్మ బుల్లెమ్మ గోంగూర ఆకు తుంచుకుంటోంది.  ఆశాజ్యోతి కిటికీ దగ్గర నిలబడి ఉంది. 

"ప్రభువు శిష్యుడొకాయన చలిమంట దగ్గర కూర్చుని, కోడి కూసేలోగా ఆ ప్రభువెవరో నాకు తెలీదని మూడుసార్లన్నాడు," అన్నాడు చిట్టియ్య నెమ్మదిగా. "ముప్ఫయ్యారేళ్ళుగా ఆయన్ని తప్పు పడుతూ ప్రసంగాలు చేశాను. ఇప్పుడు నన్నే ఆ మంట దగ్గరికి పిలుస్తున్నారు."

"ఆయనకి ఎస్సీ సర్టిఫికెట్టు లేదు నాన్నా," అన్నాడు ఫిన్నీ. "పోవడానికి ఏముంది ఆయనకి?"

"నీ పెళ్ళాం పదవి గురించి నాకూ బాధగానే ఉందిరా."

"పదవా?" ఫిన్నీ లేచి నిలబడ్డాడు. "ఆశ పేరొక్కటే చూసి పుస్తకం మూసేస్తారనుకుంటున్నారా? బల్లమీద పెట్టాక ఇంకో పేజీ తిప్పకుండా ఎవరాపుతారు? మూడువందల పన్నెండు మంది ఉన్నారందులో. హాస్టళ్ళలో పిల్లలున్నారు. మొన్న డిగ్రీలో సీటొచ్చిన ఆ కిరణ్ కుమార్ ఉన్నాడు. కరెంటాఫీసులో గుమాస్తా రమేష్ బాబు ఉన్నాడు. ఎవడా రమేష్ బాబు? నూట డెబ్బై ఆరో నంబరు. రమేష్ బాబు అను ఫిన్నీ."

ఫిన్నీ తండ్రి కుర్చీ ముందుకి వచ్చాడు.

"నా ఉద్యోగం ఏ కాగితం మీదొచ్చింది నాన్నా? ఆ కాగితం కోసం పెట్టిన అర్జీ మీద తండ్రి సంతకం ఎవరిది? ఆరోజు కోడి కూయలేదా?"

బుల్లెమ్మ చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది.

"ఎలక్షన్లో చిట్టిరాజు గారు యానాం నుంచి మందు సీసాలు దింపితే కూడా లొంగని పేట," ఫిన్నీ గొంతు తగ్గింది, "రేపు ఒక పుస్తకానికి లొంగిపోతుంది."

చిట్టియ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి వెళ్ళాడు. తలుపు వెయ్యలేదు. అలాగని ఎవరినీ రమ్మననూ లేదు.

* * *

పెరట్లో బోరింగు దగ్గర ఆశాజ్యోతి బిందె పెట్టింది. దేవకుమారి వెళ్ళి పంపు కొట్టడం మొదలుపెట్టింది. వదినా ఆడపడుచులిద్దరూ ఇలా నీళ్ళు పట్టుకోవడం ఎనిమిదేళ్ళుగా అలవాటు. ఒకరు కొడుతుంటే ఒకరు మాట్లాడేవారు. 

బిందె సగమయ్యాక ఆశాజ్యోతి దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"నిన్నటికన్నా ఎక్కువైంది ఉప్పు."

"వదినా, నా వల్లే ఇదంతా."

"నువ్వు ఫోను పట్టుకుంటే నేను నోరు విప్పాను. ఎవరి వల్ల అంటావ్?"

"నేను ఆ పేజీ దగ్గరగా తియ్యకుండా ఉండాల్సింది."

"నాకు ఫోను కనబడుతూనే ఉంది కుమారీ. ఆపు అంటే నువ్వు ఆపేదానివే. చెప్పాలనిపించింది." ఆశాజ్యోతి బిందె అంచు మీది నీళ్ళు చేత్తో తుడిచింది. "మా అమ్మ చిట్టిరాజు గారి ఊడ్పుల్లో నడుం పడిపోయి చచ్చిపోయింది. అలాంటిది సర్పంచ్ కుర్చీలో నేను కూర్చున్నాను. ఎవరు కూర్చోబెట్టారో చెప్పకుండా ఎలా ఉంటాను?"

దేవకుమారి పంపు కొడుతూనే ఉంది. చిట్టిరాజు గారి రొయ్యల చెరువుగట్టు ఇక్కడినుంచి కనబడుతుంది. గట్టుకి ఇవతల పేట వాళ్ళ సమాధుల దొడ్డి. ఆయన బోర్లు వేసి తోడే ఉప్పునీళ్ళు, చెరువు కడిగిన మురుగు, అన్నీ ఈ పక్క కాలవలోకే వదులుతారు. పోయిన నెల చినబాబు తాత పోతే గుంట తవ్వారు. మూడడుగులు దిగేసరికి నీళ్ళూరాయి. ఇద్దరు దిగి బకెట్లతో తోడారు. తోడినకొద్దీ ఊరాయి. చివరికి పెట్టె దింపితే అది తేలింది. నలుగురు కర్రలతో అదిమిపట్టి మట్టి పోశారు. పెట్టె కిందికి పోయేదాకా ముసలాయన పెళ్ళాం చూస్తూనే ఉంది.

ఆ మర్నాడే ఆశాజ్యోతి పంచాయతీ తరఫున నోటీసిచ్చింది. ముప్ఫై రోజుల్లో ఆ మురుగు తూము మూసెయ్యాలని. చెరువులున్న రాజుగారికి పేటమ్మాయి సంతకంతో నోటీసు వెళ్ళడం ఆ ఊళ్ళో అదే మొదలు. దానికి జవాబుగానే ఈ కంప్లైంటు.

"ఉదయభాస్కర్ గారు వచ్చారు నిన్న, ఆఫీసుకి," అంది ఆశాజ్యోతి.

ఉదయభాస్కర్ చిట్టిరాజు గారి చెరువుల మేనేజరు. పేటవాళ్ళని కూడా మీరనే పిలుస్తాడు. అందుకే అతనంటే అందరికీ భయం.

"ఏమన్నారు?"

"అమ్మా, మీ నోటీసు మీరు వెనక్కి తీసుకోండి, మా కంప్లైంటు మేం తీసుకుంటాం. మీ మావయ్యగారి పుస్తకం బయటికి రావడం మాకూ ఇష్టం లేదు, దైవసేవకులు కదా, అన్నారు. టీ కూడా తాగలేదు. ఆదివారం మీ ఆరాధన అయ్యేదాకా ఆగి ఫోను చేస్తానన్నారు."

"అన్నయ్యకి చెప్పావా?"

"చెప్తే ఏమంటారో నాకు తెలుసు. తీసేసుకో అంటారు. తప్పని నేనూ అనలేను." ఆమె బిందె చంకనెత్తుకుంది. "ముప్ఫై రోజులకి ఇంకా నాలుగే ఉన్నాయి కుమారీ. నాలుగు రోజులు ఈ కుర్చీ ఉంటే చాలు. తూముకి తాళం పడుతుంది. ఆ తర్వాత నన్ను ఏ పేరుతో పిలిచినా పర్లేదు."

లోపల్నించి చిట్టియ్య గొంతు వినబడింది.

"కుమారీ. పుస్తకం పట్రా. కొత్తది కూడా."

దేవకుమారి చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. నాన్న రాయొద్దంటాడనే ఆమె ధైర్యం. ఆయన వద్దంటే ఆ మాట వెనక తనూ నిలబడొచ్చని పొద్దుటినుంచీ కాసుక్కూర్చుంది.

* * *

శనివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు.

చిట్టియ్యకి అక్షరాలు కనబడవు. కానీ వరస ఆయనకి నోటికొచ్చు. కళ్ళు మూసుకుని ఒక్కొక్క పేరే చెప్పాడు. మందిరం పేరొక్కటే. కాగితాల పేరూ, మధ్యలో 'అను' అన్నదీ వద్దన్నాడు. దేవకుమారి రాస్తూ పోయింది. మధ్యమధ్య ఆయన ఆగి, "ఆ రోజు వాన," అనేవాడు. "ఈవిడ నీళ్ళంటే భయపడి నా మెడ పట్టేసుకుంది," అనేవాడు. అవి రాయక్కర్లేదు.

రెండువందల పదమూడు దగ్గర ఆయన ఆగాడు. ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో వదిన పోపు వేస్తున్న వాసన వచ్చింది.

దేవకుమారి పద్నాలుగు అంకె వేసి పెన్ను ఎత్తి పట్టుకుంది. పాత పుస్తకంలో ఆ గడి తన రాతే. అప్పుడు తనకి పదహారేళ్ళు. ఇంటికి రాబోయే వదిన పేరని ముత్యాల్లా కుదిరేదాకా పక్క కాగితం మీద రాసి చూసుకుని, ఆ తర్వాత ఎక్కించింది.

"నాన్నా. పద్నాలుగు."

"పదిహేనో పేరు అక్కడ రాసెయ్యి," అన్నాడు చిట్టియ్య. "తక్కినవి పైకి జరుగుతాయి."

ఆమె రాసింది. పెన్ను ఎక్కడా తడబడలేదు. అది చూసే ఆమెకి భయం వేసింది.

రాయడం అయ్యాక ఆయన కొత్త పుస్తకాన్ని ఒళ్ళో పెట్టించుకుని కాగితాల మీద అరచేత్తో నిమిరాడు.

"మూడువందల పన్నెండుకి మూడువందల పదకొండు," అన్నాడు. "తొంభై తొమ్మిది గొర్రెల్ని కొండమీద వదిలేసి తప్పిపోయిన ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలని నేర్చుకున్నాను. నేర్పించాను. తక్కినవాటిని కాయడానికి ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యాలని నాకెవరూ నేర్పలేదు కుమారీ. నేనే కనిపెట్టుకున్నాను."

* * *

ఆదివారం ఆరాధన లైవ్ పెట్టలేదు. ఫోను స్టాండు మడిచి మూల పెట్టేసరికి జనం దానివైపు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిట్టియ్య వాక్యం పది నిమిషాల్లో ముగించాడు. ఆశీర్వాదం అయ్యాక ఎవరూ వెళ్ళొద్దని శ్యాంబాబు చెప్పాడు. తలుపులు దగ్గరికి వేయించి సంగతి చెప్పాడు.

"అయ్యా, మన పిల్లల కోసం. కొత్త పుస్తకంలో అందరూ మళ్ళీ ఒక్కసారి వేలు వెయ్యాలి. చనిపోయినవాళ్ళవి ఖాళీగా వదిలేద్దాం. చెదపట్టి పోయాయందాం."

"మరి సర్పంచమ్మ?" వెనకనుంచి ఎవరో ఆడమనిషి అడిగింది.

"ఆవిడ పేరు ఉండదు."

ఆశాజ్యోతి ఆడవాళ్ళ చివరి వరసలో చాప మీద కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళో ఉంది. ఆమె తల దించుకోలేదు, ఎవరివైపూ చూడలేదు.

రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభు బల్ల మీద తెల్లగుడ్డ తీసి, కొత్త రిజిస్టరు పెట్టారు. పక్కన ఇంకు ప్యాడు. జనం లేచి వరస కట్టారు. అందరి మొహాల్లోనూ రేషను షాపు దగ్గరుండే ఓపిక.

"నంబరు ఒకటి," అన్నాడు శ్యాంబాబు. "అమ్మగారూ, రండి."

చిట్టియ్య మొదటి బాప్తిస్మం ఇచ్చింది తన భార్యకే. బుల్లెమ్మ అను మార్తమ్మ. ఆ రెండో పేరుతో ఆమెని ఎవరూ పిలవలేదు. ఆ పేరు పుస్తకంలోనే ఉండిపోయింది.

బుల్లెమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది. పొట్టి మనిషి. బల్ల ఆమె నడుం దాకా వచ్చింది.

"ఇందులో నా పేరు ఏమని ఉందమ్మా?" కూతుర్ని అడిగింది.

"మార్తమ్మ అని ఉందమ్మా."

"బుల్లెమ్మ ఏది?"

"అది అక్కర్లేదండి అమ్మగారూ," అన్నాడు శ్యాంబాబు. "ఒక్క పేరు చాలు."

బుల్లెమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. ఆమెకి మాటలు త్వరగా రావు.

"బాప్తిస్మానికి కాలవలోకి బుల్లెమ్మే దిగింది," అంది. "పైకొచ్చింది మార్తమ్మ అన్నారు అయ్యగారు. దిగినావిడ లేకపోతే పైకొచ్చినావిడ ఎక్కణ్ణించొచ్చింది?"

శ్యాంబాబు చిట్టియ్య వైపు చూశాడు. చిట్టియ్య గొంతు వచ్చినవైపు తల తిప్పాడు.

"ఏవండీ. మనం ఇక్కడ రాసిందే పరలోకంలోనూ రాస్తారని మీరే కదండీ చెప్పింది. నాకు చదువు రాదు. మీరు చెప్పిందే నాకు పుస్తకం." ఆమె కుడిచెయ్యి చీర కొంగులో చుట్టుకుంది. "ఈ వేలు ఒకసారి వేశాను. మళ్ళీ వెయ్యనండి."

"అమ్మా," ఫిన్నీ వరసలోంచి ముందుకొచ్చాడు.  "నా ఉద్యోగం పోతుందమ్మా."

"తెలుసు నాన్నా."

"కిరణ్ కుమార్ సీటు పోతుంది. వీళ్ళందరివీ పోతాయి."

"తెలుసు. నేను ఎవర్నీ వెయ్యొద్దని అనట్లేదు. నా వేలు నేను వెయ్యనంటున్నాను."

వరస కదల్లేదు. రెండో నంబరు చినబాబు తాత పెళ్ళానిది. ముసలావిడ అప్పటికే ప్యాడు మీద వేలు అద్దేసింది. నల్లటి వేలిని గాల్లో పట్టుకుని, అమ్మగారి వైపూ పుస్తకం వైపూ చూస్తూ నిలబడింది. ఆవిడ వెనకాల కిరణ్ కుమార్ తల్లి ఏడుస్తోంది. ఎవరి మీద కోపమో తెలియనట్టు అందరి మొహాలూ గట్టిపడ్డాయి.

"చెప్పండి అయ్యగారూ," అన్నాడు శ్యాంబాబు. "ఏదో ఒకటి చెప్పండి."

చిట్టియ్య చెయ్యి చాపి పుస్తకం అంచు తడిమాడు. 

ఆడవాళ్ళ వెనక వరసలో ఫోను మోగింది.

ఆశాజ్యోతి లేచింది. ఫోను మోగుతూనే ఉంది. జనం మధ్యలోంచి ఆమె నడిచి వచ్చింది. దారి ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, ఇవ్వనివాళ్ళని తప్పుకుని వచ్చింది. బల్ల దగ్గర అత్తగారి పక్కన నిలబడి, ఫోను తెరిచిన కొత్త పేజీ మీద పెట్టింది. తెర మీద పేరు దేవకుమారి చదివింది. ఉదయభాస్కర్.

"వదినా, బయటికెళ్ళి మాట్లాడు," అంది దేవకుమారి మెల్లగా.

ఆశాజ్యోతి స్పీకరు నొక్కింది.

"చెప్పండి సార్," అంది. "ఇక్కడ అందరం ఉన్నాం. అందరూ వింటున్నారు. మొన్న ఆఫీసులో నాతో అన్న మాట వీళ్ళకీ చెప్పండి."

అవతల ఆయన గొంతు సవరించుకోవడం మందిరమంతా వినబడింది.